రంగుల పొంతన

మలయ్ భాషలో రంగుని 'వార్నా' అంటారు. అది మన వర్ణమే. భాషని 'బహాసా' అంటారు, అదీ మనదే. కౌలాలంపూర్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళకి ఇలాంటి మాటలు ఏరుకోవడం మొదటి నెల కాలక్షేపం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇంకో మాట: 'సెరాసి'. రెండు రంగులు పక్కపక్కన బాగా అమిరితే అవి సెరాసి అంటారు. 'సె' అంటే ఒకటే అని, 'రాసి' అంటే మన రాశే. అంటే ఆ రెండు రంగులకీ జాతకాలు కలిశాయన్నమాట!

ఇంగ్లీషులో దీన్ని కలర్ హార్మనీ అంటారు. అది సంగీతంలోంచి తెచ్చుకున్న మాట. మలయ్ మాట పంచాంగంలోంచి వచ్చింది. తెలుగులో మనకి 'పొంతన' ఉంది. జాతకాలకీ పొంతన చూస్తాం, మాటలకీ చేతలకీ పొంతన లేదంటాం. రంగులకి ఇంతకన్నా మంచి మాట ఎక్కడ దొరుకుతుంది? హార్మనీ కన్నా ఇందులో ఒక సుగుణం కూడా ఉంది. పొంతన అనేది ఒక్కరికి ఉండదు, ఇద్దరి మధ్య ఉంటుంది. రంగుల పాఠమంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉందని నాకు నిదానంగా అర్థమైంది.

నేను వృత్తిరీత్యా ప్రోగ్రామర్ని. కొన్ని నెలలుగా శనివారాలు ఇక్కడ ఒక డిజైన్ క్లాసుకి విద్యార్థిగా వెళ్తున్నాను. పాఠం సగం మలయ్‌లో, సగం ఇంగ్లీషులో నడుస్తుంది. కాబట్టి రంగుల పొంతనా, కొత్త మాటలూ ఒకేసారి నేర్చుకోవలసి వచ్చింది. రెండూ వేరువేరు చదువులు కావని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఒక స్క్రీన్‌కో, ఒక రిపోర్టుకో రంగులు ఎంచవలసిన వాళ్ళమే కనుక మీకూ పనికిరావచ్చు.

లేత, ముదురు

మొదటి పాఠం: ఏ రంగుకైనా మూడు గుణాలుంటాయి. ఒకటి దాని జాతి, అంటే ఎరుపా, నీలమా అన్నది. రెండోది వెలుగు, అంటే ఎంత తెలుపు వైపు ఉంది, ఎంత నలుపు వైపు ఉంది అన్నది. మూడోది సాంద్రత, అంటే ఎంత నిండుగా ఉంది, ఎంత వెలిసిపోయింది అన్నది. ఫొటోషాప్‌లోనూ, సీఎస్సెస్‌లోనూ హ్యూ, లైట్‌నెస్, సాచురేషన్ అని మీరు జరిపే మూడు మీటలూ ఇవే.

మలయ్‌లో లేతనీలాన్ని 'బీరు మూడా' అంటారు, ముదురు నీలాన్ని 'బీరు తువా' అంటారు. మూడా అంటే పడుచు, తువా అంటే ముసలి. క్లాసులో ఇది విని ఇతర దేశాల విద్యార్థులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే మనం చేసేదీ అదే. బెండకాయ లేతదా, ముదురుదా అని అడిగిన నోటితోనే రంగునీ అడుగుతాం. చిగురాకు లేత రంగులో పుట్టి, ముదిరేకొద్దీ చిక్కబడుతుంది. చెట్ల మధ్య బతికిన రెండు జాతులూ వెలుగుని వయసుతో కొలిచాయి.

మూడో గుణానికీ మాటలున్నాయి. మలయ్‌లో 'పెకాత్' అంటే చిక్కటిది, 'పూడార్' అంటే వెలిసిపోయింది. తెలుగులో కూడా చిక్కటి రంగు, వెలిసిన రంగు అంటాం. అంటే హ్యూ, లైట్‌నెస్, సాచురేషన్ అన్న మూడు మీటలూ మన ఇంటి మాటల్లోనే ఉన్నాయి: జాతి, వయసు, చిక్కదనం. ఇలా అనుకున్న రోజు నుంచి ఆ మీటలు నాకు బట్టీ పట్టవలసిన అవసరం లేకుండా పోయింది.

పేర్లు పళ్ళవీ ఆకులవీ

మలయ్ రంగుల పేర్లు వింటుంటే కూరగాయల బజారులో తిరుగుతున్నట్టు ఉంటుంది. అరటి చిగురు రంగు 'హిజావ్ పూచుక్ పీసాంగ్'. నాచు రంగు 'హిజావ్ లూముత్'. మెరూన్ రంగు 'మేరా హాతి', అంటే కార్జం ఎరుపు. మనం పసిమిఛాయ అనే ఒంటి రంగుని వాళ్ళు లాంగ్సాత్ అనే పండుతో పోల్చి 'కూనింగ్ లాంగ్సాత్' అంటారు. గులాబీ రంగు 'మేరా జంబూ'. ఈ జంబూ సంస్కృతం నుంచి వెళ్ళిన జంబువే. కానీ మనకి జంబు అంటే నేరేడు, నాలుకంతా ఊదా చేసే పండు. వాళ్ళకి జంబూ అంటే జామ, గులాబిజామ వంటి పళ్ళు. మాట సముద్రం దాటింది, రంగు మాత్రం మారిపోయింది.

మాట ఉంటేనే రంగు కనిపిస్తుందా అన్నది పాత చర్చ. తెలుగులో పచ్చ అన్న ఒక్క మాట ఆకుకీ, పసుపుకీ కూడా వాడతాం. అలాగని ఎవరూ పసుపుకొమ్ముని చూసి ఆకు అనుకోరు. కాబట్టి మాట లేకపోతే కన్ను గుడ్డిదైపోదు. అయితే రష్యన్ భాషలో లేతనీలానికీ ముదురునీలానికీ వేరువేరు మాటలున్నాయి. ఆ రెంటి మధ్య తేడాని రష్యన్లు కొంచెం త్వరగా పట్టుకుంటారని 2007లో అచ్చైన ఒక ప్రయోగం చూపించింది. తేడా స్వల్పమే. కానీ రోజూ రంగులతో పనిచేసేవాళ్ళకి ఆ స్వల్పమే ముఖ్యం.

పిన్ని అడిగిన ప్రశ్న

క్లాసులో ఒక అభ్యాసం ఇచ్చారు. మీ మాతృభాషలో ఇరవై రంగుల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన నప్పే రంగు రాసుకు రమ్మన్నారు. చీరాలలో మా పిన్ని చాలా ఏళ్ళు ఇంట్లోనే చీరల వ్యాపారం చేసింది. ఫోన్ చేశాను.

"పిన్నీ, ఉల్లిపొర రంగు చీరకి ఏ అంచు నప్పుతుంది?"

"ఏ ఉల్లిపొరరా? లేతదా, ముదురుదా? అది చెప్పకుండా అడిగితే నేనేం చెప్పను?"

లేతదానికి ముదురు వంగపండు రంగు అంచు, ముదురుదానికి లేత గంధం రంగు అంచు అని తనే చెప్పింది. తర్వాత పావుగంటలో చిలకపచ్చ, మామిడి చిగురు, కనకాంబరం, బచ్చలిపండు, ముక్కుపొడి, నెమలికంఠం, ఇటుక రంగు అంటూ ఇరవై దాటించింది. ఏ పేరూ ఒంటరిగా చెప్పలేదు. ప్రతిదాన్నీ ఏదో ఒక జతతోనే చెప్పింది.

ఆమె ముందుగా వయసు అడిగిన సంగతి గమనించారా? కొత్తగా నేర్చుకునేవాళ్ళం జాతితో మొదలుపెడతాం: ఎరుపు పక్కన ఆకుపచ్చా, నీలం పక్కన నారింజా అని. అనుభవం ఉన్నవాళ్ళు వెలుగుతో మొదలుపెడతారు. మూడు గుణాల్లో ఒకటి రెండిటిని కలిపి ఉంచి, మిగిలినదాన్ని మార్చితే పొంతన దానంతట అదే వస్తుంది. ఒకే జాతిలో లేతా ముదురూ కలపవచ్చు. ఒకే వయసు, ఒకే చిక్కదనం ఉంచి జాతి మార్చవచ్చు. మూడూ ఒకేసారి మార్చితే మాత్రం చాలా జాగ్రత్త కావాలి.

పొరుగువారి ప్రభావం

రంగు పొరుగుని బట్టి మారుతుందన్న విషయాన్ని శాస్త్రీయంగా తేల్చిన వ్యక్తి షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. ఆయన పారిస్‌లోని గోబెలాఁ అల్లికల కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతి. అక్కడి నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షించి చూస్తే దారంలో ఏ లోపమూ లేదు. నీలం, ఊదా దారాల పక్కన నేసినందువల్ల ఆ నలుపు అలా కనిపిస్తోంది! ప్రతి రంగూ పక్కరంగుని తన ఎదురు రంగు వైపుకి నెడుతుందని ఆయన 1839లో పెద్ద పుస్తకమే రాశాడు. మన బగ్ రిపోర్టుల భాషలో చెప్పాలంటే, లోపం ఆ మాడ్యూల్‌లో లేదు, పక్క మాడ్యూల్‌తో ఉన్న సంబంధంలో ఉంది.

ఇది మీరే చేసి చూడవచ్చు. ఒకే బూడిద రంగు చతురస్రాలు రెండు గీసి, ఒకటి నారింజ మీద, ఒకటి నీలం మీద పెట్టండి. మొదటిది కాస్త నీలంగా, రెండోది కాస్త నారింజగా కనిపిస్తాయి. పిక్సెల్ విలువలు మాత్రం రెండిటివీ ఒకటే.

రెండు చక్రాలు, ఒక చిక్కు

రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్నవి పరస్పర పూరకాలు, పక్కపక్కన ఉన్నవి బంధువులు, 120 డిగ్రీల దూరంలో ఉన్న మూడు ఒక త్రయం అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. అయితే చక్రాలు రెండు. చిత్రకారులు తరతరాలుగా వాడిన చక్రంలో ఎరుపు, పసుపు, నీలం మూలరంగులు. అందులో పసుపుకి ఎదురు ఊదా, ఎరుపుకి ఎదురు ఆకుపచ్చ. మన మానిటర్ చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూలరంగులు. అందులో పసుపుకి ఎదురు నీలం, ఎరుపుకి ఎదురు సయాన్. వంగపండు రంగు చీరకి పసుపుపచ్చ అంచు మన కళ్ళకి అంత అలవాటైన జత. సాఫ్ట్‌వేర్‌లో డిగ్రీలకి 180 కలిపితే అది రాదు. ఏ చక్రం మీద నిలబడి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోవాలి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. హెచ్ఎస్ఎల్ లెక్కలో చిక్కటి పసుపుకీ, చిక్కటి నీలానికీ లైట్‌నెస్ 50 శాతమే. కానీ కంటికి పసుపు వెలిగిపోతుంది, నీలం చీకటిగా ఉంటుంది. వెబ్ ప్రమాణాల ప్రకారం వెలుగు లెక్కలో ఆకుపచ్చకి 0.7152, ఎరుపుకి 0.2126, నీలానికి 0.0722 వాటా. ఆ లెక్కన తెల్ల నేపథ్యం మీద చిక్కటి నీలం అక్షరాలకి కాంట్రాస్ట్ 8.6కి 1 వస్తుంది, చిక్కటి పసుపు అక్షరాలకి 1.07కి 1 మాత్రమే. 2008లో వచ్చిన డబ్ల్యూక్యాగ్ 2.0 ప్రమాణం రెండో స్థాయిలో మామూలు అక్షరాలకి కనీసం 4.5కి 1 ఉండాలంటుంది. ఈ ఇబ్బంది తగ్గించడానికే బ్యోర్న్ ఒట్టోసన్ 2020లో ఓకేల్యాబ్ అనే రంగుల కొలతని రూపొందించాడు. దాని రూపమే అయిన ఓకేఎల్సీహెచ్‌ని 2023 నుంచి ప్రధాన బ్రౌజర్లన్నీ అర్థం చేసుకుంటున్నాయి. అందులో వెలుగు అంకె మన కంటికి చాలా దగ్గరగా ఉంటుంది. పిన్ని అడిగిన 'లేతదా ముదురుదా' అన్న ప్రశ్నకి కంప్యూటర్లు ఇప్పటికి సరైన జవాబు చెప్పగలుగుతున్నాయన్నమాట.

పొంతన ఎంత బాగున్నా రంగు ఒక్కదానినే నమ్ముకోకూడదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగ్గా తెలియని మగవాళ్ళు యూరోపియన్ మూలాలవారిలో దాదాపు పన్నెండుమందికి ఒకరు ఉంటారు. కౌలాలంపూర్ రైళ్ళ పటం చూడండి. కాజాంగ్ లైను ఆకుపచ్చ, పుత్రజయ లైను పసుపు. వాటి పక్కనే 9, 12 అని అంకెలు కూడా ఉంటాయి. రంగు తెలియనివాళ్ళు అంకె పట్టుకుని ఇల్లు చేరతారు.

మాటలు ఎక్కడ నిలుస్తాయి

మలేషియాలో మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లుంగీని 'కైన్ పెలికాట్' అంటారు. పెలికాట్ అంటే మన పులికాట్. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఊరు తమిళనాడులో ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారి కోరమాండల్ వ్యాపారానికి అది ముఖ్యకేంద్రం. అక్కడి రేవు నుంచి బట్టలు ఈ వైపుకి వచ్చేవి. ఇప్పుడు లుంగీ ఎక్కడ నేసినా పేరు మాత్రం ఆ ఊరిదే. ఆ గళ్ళని దగ్గరగా చూస్తే మన పాఠం మళ్ళీ కనిపిస్తుంది. ఎర్ర పడుగు మీద నీలం పేక దాటిన చోట ఎవరూ అద్దని ఊదా రంగు పుడుతుంది. రెండు దారాలు కలిసిన చోటే ఉండే రంగు అది, ఏ దారానిదీ కాదు.

మాట నిలవాలంటే దాన్ని ఎవరో రోజూ వాడాలి. లుంగీ కట్టేవాళ్ళు ఉన్నారు గనుక పెలికాట్ నిలిచింది. ఇక్కడి తెలుగువారు 1955లోనే ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. పిల్లలకి తెలుగు నేర్పుతూనే ఉన్నారు. అయితే ఏ దేశంలోనైనా పిల్లల వాచకాల్లో రంగులంటే ఎరుపు, పసుపు, నీలం దగ్గర ఆగిపోతాయి. ముక్కుపొడి రంగు, ఉల్లిపొర రంగు వాచకంలోకి రావు. అవి పిన్నుల నోట్లో ఉంటాయి. మూడు అంకెలు ఒక రంగుని కచ్చితంగా గుర్తిస్తాయి కానీ, అది దేని పక్కన నప్పుతుందో చెప్పవు. పేరు చెబుతుంది, ఎందుకంటే పేరు వెనక చీరా, అంచూ, వాటిని చూసిన కళ్ళూ ఉన్నాయి. పేరు పోతే పోయేది ఆ అనుభవం.

మనం చేయగలిగింది చిన్నదే. ఊళ్ళో చీరలు తెలిసిన పెద్దవాళ్ళు ఎవరుంటే వాళ్ళకి ఫోన్ చేసి పది రంగుల పేర్లు అడగండి. ఒక్కోదానికి నప్పే జత కూడా అడగండి. బట్ట ముక్క దొరికితే పగటి వెలుతురులో ఫొటో తీయించి, అంకెలు నమోదు చేసుకోండి. సీఎస్సెస్‌లో వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలోనే రాయవచ్చు, బ్రౌజర్ ఏమీ అనుకోదు. మీ సొంత పేజీకి చిలకపచ్చ-లేత, వంగపండు-ముదురు అని రెండు పేర్లు పెట్టి చూడండి. పిల్లలు ఆ కోడ్ తెరిచి ముక్కుపొడి అంటే ఏమిటని అడిగితే, జవాబు చెప్పడానికి మీకు ఒక కథ సిద్ధంగా ఉంటుంది.