సగం చదివిన పుస్తకంతోనే వెళ్లు

చి. అమ్మలుకి,

ఉత్తరం అందింది. విశాఖలో మీ పుస్తకాల బృందం ఆదివారం సాయంత్రం కలుస్తుందనీ, ప్రస్తుతం ఏం చదువుతున్నారో ఒక్కొక్కరూ చెప్పాలనీ, వచ్చేవారం నీ వంతనీ రాశావు. ‘చివరకు మిగిలేది’ సగంలో ఉన్నాను, పూర్తి చెయ్యకుండా ఏం చెప్పను, ఈలోపు ఏదో చిన్న పుస్తకం చదివేసి దాని గురించి మాట్లాడనా అని అడిగావు. వద్దు. సగంలో ఉన్నదాన్నే చంకన పెట్టుకుని వెళ్లు. వాళ్లు అడిగింది ఏం చదివావని కాదుగా, ఏం చదువుతున్నావని.

పూర్తి చేసి వచ్చినవాళ్లు ఏం చెబుతారో నాకు తెలుసు. బాగుంది, లేదా బాగోలేదు, లేదా అందరూ తప్పక చదవాలి. ఇవన్నీ తీర్పులు. తీర్పు వినగానే ఎదుటివాళ్లు తలూపి ఊరుకుంటారు, వాళ్లకిక అనడానికి ఏమీ మిగలదు. నీ దగ్గరింకా తీర్పు లేదు, చిరాకు ఉంది. దయానిధి డాక్టరు చదివినవాడు, తెలివైనవాడు. తల్లి గురించి లోకం అన్న మాటలు ఎక్కడికెళ్లినా వెంటపడుతుంటే ఒక్కసారైనా తిరగబడడేం అని నాకు పేజీన్నర రాశావు. ఆ పేజీన్నరా చాలు. నవల అయిపోయాక ఆ చిరాకు ఉంటుందో లేదో, ఉన్నా ఇదే రూపంలో ఉంటుందో లేదో నేను చెప్పను. పూర్తయ్యాక మాత్రం నువ్వు శైలి, మనస్తత్వ చిత్రణ, అస్తిత్వ వేదన అంటూ ముందుమాటల్లో దొరికే మాటలే మాట్లాడతావు. అవి మీ బృందంలో అందరికీ కంఠతా వచ్చే ఉంటాయి.

మీ నానమ్మ తరానికి ఈ బెంగ లేదు. అందరూ ఎప్పుడూ సగంలోనే ఉండేవాళ్లు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ పుస్తకం కాకముందు ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్. జయంతి, రాజశేఖరాల సంగతి తేలడానికి నెలనెలా ఎదురుచూడాల్సిందే. మా తరానికి వచ్చేసరికి యండమూరి ‘తులసిదళం’, ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో. చిన్నపిల్ల మీద చేతబడి జరిగిందా, దానికి డాక్టర్లు చెప్పగల కారణం వేరే ఉందా అని ఇళ్లల్లో వాదులాడుకున్నారు. గుర్తుపెట్టుకో, అప్పటికి ఎవరికీ ముగింపు తెలీదు. ఊరు ఊరంతా ఒకే పేజీ దగ్గర ఆగి ఉండేది. వారం గడిచేదాకా చదవడానికేం లేదు కాబట్టి మాట్లాడుకోవడమే. ఆ సీరియళ్లలో కొన్ని గొప్పవేం కావు, మళ్లీ చదవమంటే నేనే చదవను. కానీ వాటి చుట్టూ నడిచిన మాటల స్థాయి ఇప్పటి పుస్తకావిష్కరణ సభల్లో నాకు కనపడదు. ఆ సభల్లో వక్తలు పుస్తకం తెరిచారా అన్నదే అనుమానం.

నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసినన్నాళ్లూ గమనించింది ఒకటుంది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ‘బాగుందండీ’ అన్నవాళ్ల మాట విని ఇంకెవరూ ఆ పుస్తకం అడగలేదు. గడువు పొడిగించుకోవడానికి వచ్చి, ‘ఇంకో వారం కావాలండీ, ఈ పంతులు ఏం చేస్తాడో తెలీట్లేదు’ అని కౌంటరు దగ్గర నిలబడి గొణిగినవాళ్ల చేతిలో పుస్తకం వైపు పక్కనున్నవాళ్లు మెడ సాచి చూసేవాళ్లు. డేట్ స్లిప్పు మీద ముద్రలు నిండిపోయేవి అలాంటి పుస్తకాలకే.

మరి నోరు తెరిచి చెప్పడం ఎలా? కథంతా చెప్పేస్తే అది తప్పని పోయినసారి ఎవరో నిన్ను ఆపారన్నావు. ఆపినవాళ్లది సగం నిజమే. మాలతీ చందూర్ గారు ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ అని ఏళ్ల తరబడి వందల ఇంగ్లీషు నవలల్ని మొదలునుంచి చివరిదాకా తెలుగులో చెప్పుకొచ్చారు. ఇంగ్లీషు రాని ఇల్లాళ్లు, ఆ పుస్తకాలు కొనలేని గుమాస్తాలు, ఊళ్లలో ఉన్న మాలాంటివాళ్లు ప్రపంచ సాహిత్యం అంటూ ఒకటుందని తెలుసుకున్నది అక్కడే. ఆవిడ ముగింపు దాచిపెడితే ఏం లాభం? మూలం ఎలాగూ మా చేతికి వచ్చేది కాదు. కథ చెప్పడం అక్కడ ఉపకారం. మీ ఆదివారం గుంపులో మాత్రం రేపే ఆ పుస్తకం కొని చదవగలిగినవాళ్లున్నారు, కాబట్టి అక్కడ ముగింపు చెప్పడం అపకారం. ఎవరి ముందు మాట్లాడుతున్నావో చూసుకుని చెప్పాలి.

కథ జోలికి పోకుండా చెప్పడం నేర్చుకోవాలంటే చలం దగ్గరికి వెళ్లు. ‘మహాప్రస్థానం’కి ఆయన రాసిన ‘యోగ్యతా పత్రం’ ఉందే, అది 1940 నాటిది. పుస్తకం అచ్చయింది 1950లో. అంటే లోకానికింకా పుస్తకంగా చేరని కవిత్వాన్ని చదువుతూ, ఆ ఊపులో రాసిన మాటలవి. ఏ గీతంలో ఏముందో సారాంశం చెప్పడు. చదివితే మనిషికి ఏమవుతుందో చెబుతాడు, మధ్యలో ఎవరితోనో పోట్లాటకి దిగుతాడు, పొగడ్త అనుకునేలోపే వెక్కిరిస్తాడు. అంత నిప్పు మనకి లేదు, అనుకరించబోకు, నవ్వులపాలవుతాం. కానీ చదివిన మనిషి ఆ మాటల్లో ఎలా నిలబడి కనిపిస్తున్నాడో చూడు.

చేకూరి రామారావు గారిది పూర్తిగా వేరే దారి. భాషాశాస్త్రం చదువుకున్న మనిషి. ‘ఆంధ్రజ్యోతి’ ఆదివారం సంచికలో ‘చేరాతలు’ రాసేవారు. అప్పటికింకా పెద్దగా పేరు రాని కవుల పుస్తకాల్ని కూడా పట్టుకుని, ఈ మాట ఇక్కడే ఎందుకు పడింది, ఈ పాదం ఇక్కడే ఎందుకు విరిగింది అని నెమ్మదిగా విప్పి చూపించేవారు. గొంతు పెంచరు. నాకు ఏది ఇష్టం అంటే, వయసులో చలం, ఇప్పుడు చేరా. నీకు వచ్చేవారానికి రెండోదే పనికొస్తుంది. నవల మొత్తం మీద మాట్లాడకు. నిన్ను ఆపేసిన ఒక్క పేరా తీసుకో. అక్కడే ఎందుకు ఆగావో చెప్పు. చెప్పడం పూర్తిగా చేతకాకపోతే ఆ పేరా చదివి వినిపించి, ఇక్కడ నాకేదో అయింది, ఏమిటో తెలీడం లేదు అను. అలా అన్నందుకు ఎవరైనా నవ్వితే అది వాళ్ల తెలివితక్కువ.

చదివి వినిపించడం గురించి ఒక మాట. అన్ని పుస్తకాలూ అందరి నోటా పలకవు. ‘కన్యాశుల్కం’లో గిరీశం మాటలు విజయనగరం యాస తెలిసినవాళ్లు చదివితే ఒకలా ఉంటాయి, నేను తెనాలి గొంతుతో చదివితే ఇంకోలా ఉంటాయి. నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’ ఎవరైనా తెస్తే, చిత్తూరు జిల్లావాళ్లు ఉన్నారేమో అడిగి వాళ్ల చేతికివ్వండి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ తెలంగాణ గొంతులో వినండి. హాస్టల్లో నీతోపాటు అన్ని జిల్లాల పిల్లలూ ఉన్నారు కదా, మాకు ఆ భాగ్యం లేదు.

అన్నట్టు, పుస్తకం పేరొక్కటే చెప్పి ఊరుకోకు. ఏ కూర్పు చదువుతున్నావో కూడా చెప్పు. ఇది చాదస్తం కాదు. ‘కన్యాశుల్కం’ మొదట 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో మళ్లీ వేయించారు. ఒకరు మొదటిది, ఒకరు రెండోది చదివి మధురవాణి గురించి వాదించుకుంటే ఆ వాదన తెల్లారేదాకా తెగదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే నాటకం గురించి మాట్లాడుకోవడం లేదు. అనువాదమైతే అనువాదకుడి పేరు చెప్పి తీరాలి. గోర్కీ ‘అమ్మ’ చదివి కన్నీళ్లు పెట్టుకున్న తెలుగువాళ్లు ఎంతోమంది ఏడ్చింది క్రొవ్విడి లింగరాజు గారి తెలుగుకి. శరత్‌బాబుని మనింటి మనిషిని చేసినవాళ్లలో చక్రపాణి ఒకరు. వాళ్ల పేర్లు మింగెయ్యడం మన జాతికి పాత అలవాటు. నువ్వు దాన్ని కొనసాగించక్కర్లేదు.

మధ్యలో వదిలేసిన పుస్తకం గురించి కూడా చెప్పవచ్చా అన్నావు. తప్పకుండా. ‘వేయిపడగలు’ చదివామని చెప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను; అందులోని ధర్మారావు గురించి రెండో ప్రశ్న వేస్తే పి.వి. నరసింహారావు గారు దాన్ని హిందీలోకి ‘సహస్రఫణ్’గా అనువదించారన్న సంగతి చెప్పి తప్పించుకుంటారు. అంతకంటే, రెండొందల పేజీల దగ్గర ఆగిపోయాను, ఎందుకు ఆగిపోయానంటే ఇదిగో అని చెప్పే మనిషి నయం. కాకపోతే కారణం పుస్తకంలో చూపించాలి. ‘బోరు’ అన్నది కారణం కాదు. ఆ రచయిత నమ్మిన లోకం నీకు మింగుడు పడలేదా, వాక్యాల పొడుగు అలవాటు కాలేదా, పరీక్షలొచ్చాయా? మూడోదే అయితే అదే చెప్పు, పుస్తకం మీదికి నెట్టకు.

ఇక వినడం. చెప్పేవాళ్లకి నేర్పేవాళ్లున్నారు కానీ వినేవాళ్లకి ఎవరూ నేర్పరు. ఎవరైనా ‘అల్పజీవి’ చదువుతున్నానంటే నువ్వు మొదట అడగాల్సింది ‘ఎంతవరకు వచ్చింది?’ అని. సుబ్బయ్య భయం ఎక్కడిదాకా వెళ్లిందో వాళ్లు చెప్పాక, ఆ గీత దాటకుండా మాట్లాడు. ‘ముందుంది చూడు’ అని ఓరగా నవ్వే పెద్దలుంటారు ప్రతి గుంపులోనూ. ముగింపు చెప్పడం కంటే అది ఘోరం. చదివేవాళ్లు అప్పట్నుంచి కథని వదిలేసి ఆ నవ్వుకి అర్థం వెతుక్కుంటారు. ‘నేను టెన్త్‌లోనే చదివేశా’ అనే మాట నీ నోట ఎప్పుడూ రాకూడదు. నువ్వు చదివినప్పుడు నీకు తట్టనిది వాళ్లకి తట్టిందేమో వినడానికి కూర్చున్నావు అక్కడ. అందరూ మాట్లాడిన తర్వాత కూడా ఒకరు నోరు విప్పకపోతే బలవంతపెట్టకండి. కొందరు నెలల తరబడి వినడానికే వస్తారు, ఓ రోజు వాళ్లే అందరికంటే ఎక్కువ మాట్లాడతారు.

పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం మొదలైందా? చేయి మారిన పుస్తకం తిరిగి రాదని పాత శ్లోకం ఒకటి ఉంది. దాంట్లో పుస్తకం పక్కన స్త్రీని కూడా కలిపారు కాబట్టి నాకా శ్లోకం మీద గౌరవం లేదు. అయినా ఒక నోటుపుస్తకం పెట్టుకో. పుస్తకం పేరు, పుచ్చుకున్నవాళ్ల పేరు, తేదీ, అంతే. లైబ్రరీ పుస్తకం అయితే నీ కార్డు మీద తెచ్చి ఇంకొకళ్లకి ఇవ్వకు. వాళ్లనే లైబ్రరీకి తీసుకెళ్లి సభ్యత్వం కట్టించు. పెన్సిల్‌తో గీతలు గీసే అలవాటుంటే నీ సొంత పుస్తకాల్లోనే.

చెప్పిందంతా నేను చేసి చూపించకపోతే న్యాయం కాదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ. సంస్కృతం చదువుకోవాల్సిన కుర్రాడు ఇంట్లో పెద్దలకి గిట్టని తెలుగు రచన వైపు జారుకుంటున్న చోట ఉన్నాను. ముందోసారి చదివినప్పుడు ఆ పెద్దల మీద కోపం వచ్చింది. ఈసారి కోపం రావడం లేదు, వాళ్ల భయం కనపడుతోంది. ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. ఈయన వాక్యానికి ఆ నడక పండితుల దగ్గర నేర్చుకున్నది కాదేమో, వంటింట్లోనూ నూతి దగ్గరా ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే చెవిన పడ్డదేమో అని. దానికి ఆధారం కోసం పేజీల అంచుల్లో చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ పోతున్నాను. నువ్వు ఆ పుస్తకం చదివి ఉంటే ఇది నిజమో కాదో ఇప్పుడే రాయకు, నన్ను ఇంకొంచెం వెతుక్కోనీ.

ఆదివారం అయ్యాక ఎవరెవరు ఏం చదువుతున్నారో నాకు రాయి. పేర్లు అక్కర్లేదు, పుస్తకాలూ వాళ్లు ఆగిన చోట్లూ చాలు. మీ నాన్నకి కూడా ఒక మాట చెప్పు, నా ‘అల్పజీవి’ వాడి దగ్గరే ఉందని నా నోటుపుస్తకంలో తేదీతో సహా ఉంది.

ఇట్లు,
మీ అత్త