మణికట్టు విరిగితే: కట్టు వేసిన రోజే మొదలుపెట్టాల్సిన పని

బాత్రూంలో కాలు జారితే చటుక్కున చెయ్యి ఆనిస్తాం. ఒంటి బరువంతా అరచేతి మీద పడి, మణికట్టు పైన ఎముక విరుగుతుంది. డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లో వివరించిన ఫ్రాక్చర్ ఇదే. ఎముక పెద్దగా జరగకపోతే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదు, ఐదారు వారాల సిమెంటు కట్టు సరిపోతుంది. కట్టు విప్పాక చూసుకుందాంలే అని వేళ్లు కదపకుండా కూర్చోవడమే మనం చేసే పెద్ద పొరపాటు.

మొదట ఆ చేతి ఉంగరాలు, గాజులు తీసేయండి. రెండు మూడు రోజులు చేతిని దిండ్ల మీద, గుండె కంటే ఎత్తులో ఉంచండి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పిడికిలి బిగించి, వేళ్లు పూర్తిగా చాపండి, పదిసార్లు. బొటనవేలిని ఒక్కో వేలి కొసకూ తాకించండి. రోజుకు నాలుగుసార్లు మోచెయ్యి మడిచి చాపి, చెయ్యి తలపైకి ఎత్తండి. లేకపోతే దెబ్బ తగలని భుజం కూడా పట్టేస్తుంది.

వేళ్లు నీలిరంగుకు తిరిగినా, మొద్దుబారినా, మాత్రలు వేసుకున్నా నొప్పి పెరుగుతూనే ఉన్నా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి. తెల్లారేదాకా ఆగొద్దు.

కట్టు విప్పగానే చెయ్యి సన్నగా, పొలుసులు లేచి కనిపిస్తుంది. కంగారుపడకండి. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, అందులోనే మణికట్టును పైకీ కిందికీ ఆడించండి. తర్వాత మోచేతిని నడుముకు ఆనించి, తీర్థం పట్టేటప్పటిలా అరచేతిని పైకి తిప్పి, మళ్లీ బోర్లించండి. తాళం తిప్పాలన్నా, చిల్లర అందుకోవాలన్నా ఈ కదలికే కావాలి. ఇక ఛాతీ ముందు నమస్కారం పెట్టి, అరచేతులు విడిపోకుండా మెల్లగా కిందికి దించి, బిగువు తెలిసిన చోట 20 సెకన్లు ఆగండి.

కాస్త నొప్పి సహజమే. అది మర్నాటికీ తగ్గకపోతే వ్యాయామాల లెక్క తగ్గించండి. ఇంట్లోవాళ్లు ప్రేమతోనే నూనె రాసి లాగుతామంటారు. ఒప్పుకోకండి.

ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్నాక తడి స్పాంజి పిండడం, ఆపైన చపాతీ పిండి పిసకడం మొదలుపెట్టండి. నిండు బిందె, గ్యాస్ బండ మూడు నెలలదాకా ముట్టొద్దు. బొటనవేలు ఉన్నట్టుండి పైకి లేవకపోతే స్నాయువు తెగి ఉండొచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి.

యాభై దాటినవాళ్లకు మామూలుగా పడితేనే ఎముక విరిగిందంటే, అది గుల్లబారిందేమో చూసుకోవాలి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా పరీక్ష గురించి డాక్టరును అడగండి. బాత్రూం గోడకు పట్టుకోవడానికి కడ్డీ కూడా ఈ వారాల్లోనే బిగించుకోండి.