చిట్కా నాలుగు రోజులే.. పనితనం పది కాలాలు

గూడూరు మార్కెట్‌కు నిమ్మకాయలు తెచ్చే రైతు పొద్దున్నే ఫోన్ తీసి వెతికేది ఒక్కటే: ఇవాళ ధరెంత? దాన్ని బట్టే కాయ కోయించాలా, నాలుగు రోజులు చెట్టు మీదే ఉంచాలా అని తేల్చుకుంటాడు. వెతగ్గానే పేజీలైతే బోలెడు వస్తాయి. ఒకదాంట్లో ‘గూడూరు నిమ్మ ధర’ అన్న మాట పేరాకు మూడుసార్లుంటుంది గానీ ధర ఉండదు. మరోదాంట్లో ధర ఉంటుంది, తేదీ ఉండదు. రెండూ ఉన్నా ఒక్కోసారి అది ఏ గూడూరో తెలియదు. కర్నూలు జిల్లాలో ఒక గూడూరుంది, కృష్ణా జిల్లాలో ఒకటుంది, తెలంగాణలో మహబూబాబాద్ జిల్లాలో ఇంకొకటుంది.

కంటెంట్ రైటింగ్, డిజిటల్ మార్కెటింగ్ వైపు రావాలనుకునే విద్యార్థులు ముందుగా ఆ రైతు విసుగును అర్థం చేసుకోవాలి. ఈ రంగంలో నిలదొక్కుకునేదెవరో, రెండేళ్లకే వెనుదిరిగేదెవరో అక్కడే తేలిపోతుంది. సెర్చ్ ఇంజిన్‌ను బురిడీ కొట్టించే చిట్కాలు నేర్చుకున్నవారికి ఆ చిట్కా పనిచేసినన్నాళ్లే పని. చదివేవారి అవసరం తీర్చడం నేర్చుకున్నవారికి నియమాలు ఎన్నిసార్లు మారినా పని ఉంటుంది.

చిట్కాలు ఎందుకు చెల్లవు?

1998లో గూగుల్ మొదలైనప్పుడు దాని బలం ఒక సులువైన ఆలోచన. ఒక పేజీకి ఎన్ని మంచి పేజీలు లింకు ఇస్తే దానికి అంత విలువ. ఈ సంగతి తెలియగానే లింకులు అమ్మడం, కొనడం వ్యాపారమైపోయింది. పేజీ వెనక కనబడకుండా ఉండే ట్యాగ్‌లో కీవర్డులు గుప్పించడం ఇంకో చిట్కా. ఆ కీవర్డుల ట్యాగ్‌ను ర్యాంకింగ్ కోసం చూడడం లేదని గూగుల్ 2009లో బహిరంగంగానే చెప్పింది. 2011లో వచ్చిన ‘పాండా’ మార్పు సరుకు లేని పేజీలను కిందికి నెట్టింది. 2012లో వచ్చిన ‘పెంగ్విన్’ కొనుక్కున్న లింకుల మీద పడింది. అప్పటిదాకా మొదటి వరసలో ఉన్న సైట్లు ఎన్నో ఒక్కసారిగా కనబడకుండా పోయాయి.

2018లో తెలుగు సైట్లకు గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు తీసుకునే వీలు వచ్చింది. మన భాషలో రాసి సంపాదించే దారి దొరకడం మంచిదే. దాంతోపాటే ఒకే వార్తను పది సైట్లు అటూ ఇటూ మార్చి వేసుకునే అలవాటూ పెరిగింది. ఆ తర్వాత కృత్రిమ మేధ వచ్చింది. నిమిషానికి ఒక వ్యాసం తయారుచేయడం ఎవరికైనా చేతనవుతోంది. మనిషి రాసినా యంత్రం రాసినా, ర్యాంకు కోసమే కుప్పలుగా పేజీలు దించడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ విధానంలో చేర్చింది.

ఇన్నేళ్లలో నియమాలు మారాయి గానీ దిశ మారలేదు. వెతికినవారికి కావలసింది దొరక్కపోతే వారు ఆ సెర్చ్ ఇంజిన్‌ను వదిలేస్తారు, వారితోపాటే ప్రకటనల ఆదాయమూ పోతుంది. అందుకే చదివేవారికి ఉపయోగపడే పేజీని పైకి తేవడం దానికీ అవసరమే. ఈ లెక్కలో కూడా పొరపాట్లు జరుగుతుంటాయి. నాసిరకం పేజీ ఒక్కోసారి పైనే కూర్చుంటుంది. కానీ దిద్దుబాటు ఎప్పుడొస్తుందో తెలియని చోట జీవితాన్ని పణంగా పెట్టకూడదు.

అయితే ఎస్‌ఈఓ వద్దా?

సెర్చ్ ఫలితాల్లో పేజీ కనబడేలా తీర్చిదిద్దే ఎస్‌ఈఓ (సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్) కావాలి, తప్పకుండా నేర్చుకోవాలి. పేజీకి సూటిగా శీర్షిక పెట్టడం, చిన్న ఫోన్‌లో కూడా త్వరగా తెరుచుకునేలా చూడడం, ఉపశీర్షికలు సరిగా అమర్చడం, బొమ్మకు వివరణ రాయడం, సంబంధించిన పేజీలను ఒకదానికొకటి కలపడం.. ఇవన్నీ పనితనంలో భాగమే. మనవాళ్లు ఒకే మాటను తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రకరకాలుగా టైప్ చేస్తారు. వాటిని తెలుసుకోవడమూ ఎస్‌ఈఓనే. దుకాణానికి బోర్డు కట్టడం, దారి శుభ్రంగా ఉంచడం లాంటిదిది. లోపల సరుకు లేనప్పుడు ఎంత పెద్ద బోర్డు కట్టినా వచ్చినవాడు మళ్లీ రాడు.

ఒక పేజీని దగ్గరగా చూద్దాం

ఈ మొదలు చూడండి: “గూడూరు నిమ్మ ధర కోసం వెతుకుతున్నారా? గూడూరు నిమ్మ ధర నేడు ఎంతో, గూడూరు మార్కెట్‌లో నిమ్మ ధర ఎలా ఉందో ఈ గూడూరు నిమ్మ ధర వ్యాసంలో పూర్తిగా తెలుసుకుందాం.” రెండు వాక్యాల్లో నాలుగుసార్లు గూడూరు, నాలుగుసార్లు నిమ్మ ధర. రైతుకు ఒక్క అంకె కూడా అందలేదు.

ఇదే పేజీని పనితనం తెలిసినవారు ఎలా కడతారు? శీర్షికలోనే తేదీ వేస్తారు. నెల్లూరు దగ్గరున్న గూడూరు అని మొదటి వాక్యంలోనే చెబుతారు. పెద్ద కాయకు ఎంత, చిన్న కాయకు ఎంత, ఎక్కువ ధర, తక్కువ ధర చిన్న పట్టికలో ఇస్తారు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూపిస్తారు. పక్కనే పొదలకూరు మార్కెట్ ధర పెడతారు. ఇక్కడి కాయ ఢిల్లీ దాకా వెళ్తుంది గనుక ఉత్తరాదిన గిరాకీ ఎలా ఉందో ఒక్క మాటలో చెబుతారు. ఈ వివరాలు ఎవరిని అడిగి, ఎన్ని గంటలకు రాసుకున్నారో చివర పెడతారు.

ఇలా రాయాలంటే తెల్లవారుజామున మార్కెట్‌కు వెళ్లాలి. మూటలు దించేచోట నిలబడి, “అన్నా, ఈ పొద్దు కాయ ఎంత పోయింది?” అని అడగాలి. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర సరిచూసుకోవాలి. ఇంట్లో కూర్చుని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ చేయలేని పని ఇదే. ఫలితాల నాణ్యతను అంచనా వేసేవారికి గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో 2022 డిసెంబరులో ‘అనుభవం’ అన్న మాట చేరింది. రాసినవారు ఆ సంగతిని స్వయంగా చూశారా, చేశారా అని చూడమని దాని అర్థం. గూడూరులో పెరిగిన విద్యార్థికి నిమ్మతోటలు, సైదాపురం వైపు అభ్రకం గనులు, చిల్లకూరు, కోట మండలాల్లో రొయ్యల చెరువులు కళ్లముందే ఉన్నాయి. మహానగరంలో కూర్చున్న రచయితకు లేని పెట్టుబడి ఇది.

అవకాశాలు ఎక్కడ?

కంటెంట్ రైటర్, కాపీ ఎడిటర్, ఎస్‌ఈఓ అనలిస్ట్, టెక్నికల్ రైటర్, యాప్‌లను తెలుగులోకి తెచ్చే లోకలైజేషన్ నిపుణులు.. ఇవి ఈ రంగంలోని ప్రధాన కొలువులు. వార్తా సంస్థల డిజిటల్ విభాగాలు, విద్యా సంస్థలు, వ్యవసాయ, ఆర్థిక సేవల యాప్‌లు, ప్రకటనల ఏజెన్సీలు ఇలాంటివారిని తీసుకుంటాయి. చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఇంటర్వ్యూలో మీరు రాసిన పేజీలు చూపించమంటారు.

హైదరాబాద్, బెంగళూరుతోపాటు గూడూరువారు తమకు దగ్గర్లోని చెన్నైలోనూ ప్రయత్నించవచ్చు. ఇంజినీరింగ్ చదివినవారు టెక్నికల్ రైటింగ్ వైపు చూడొచ్చు. యంత్రం ఎలా వాడాలో తప్పుల్లేకుండా, సులువుగా రాయడమే ఆ పని. వార్తల మీద ఆసక్తి ఉంటే ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటి సంస్థల ప్రవేశ పరీక్షలు రాయవచ్చు.

మూడు నెలల ప్రణాళిక

మొదటి నెల: బాగా తెలిసిన ఒక్క విషయం ఎంచుకోండి. దాని మీద మీ ఊరివారు నిజంగా అడిగే ఇరవై ప్రశ్నలు రాసుకోండి. తోటలో, బస్టాండులో, మీసేవ కేంద్రం దగ్గర చెవిన పడ్డవే రాయండి. గూగుల్ ఉచితంగా పెట్టిన ఎస్‌ఈఓ ప్రాథమిక పాఠాలు చదవండి.

రెండో నెల: వాటిలో ఎనిమిది ప్రశ్నలకు ఎనిమిది పేజీలు రాసి సొంత సైట్‌లో పెట్టండి. ప్రతి పేజీలో మొదటి నాలుగు వాక్యాల్లోపే జవాబు రావాలి. రాసినదాన్ని ఆ ప్రశ్న అడిగిన మనిషికే చదివి వినిపించండి. వారు ఎక్కడ ఆగి మళ్లీ అడిగారో అక్కడ దిద్దండి. ఇంతకు మించిన ఎడిటర్ దొరకడు.

మూడో నెల: ఉచితంగా దొరికే సెర్చ్ కన్సోల్‌లో మీ సైట్‌ను చేర్చి, ఏ మాటలతో వెతికి జనం మీ పేజీకి వస్తున్నారో చూడండి. వారు అడిగింది మీ పేజీలో లేకపోతే చేర్చండి. దీంతోపాటు 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మీ ఊరి వ్యాసాన్ని మెరుగుపరచండి. అక్కడ ప్రతి విషయానికీ ఆధారం చూపాలి. ఆ క్రమశిక్షణ ఏ కోర్సులోనూ అంత బాగా అబ్బదు. మూడు నెలల తర్వాత మీ చేతిలో ఎనిమిది పేజీలు, వాటిని ఎలా దిద్దారో చెప్పే రికార్డు ఉంటాయి. ఇంటర్వ్యూకు అవి తీసుకెళ్లండి.

ఈ మాటలు వింటే జాగ్రత్త

“ముప్పై రోజుల్లో మొదటి ర్యాంకు గ్యారంటీ” అనే శిక్షణ సంస్థకు ఫీజు కట్టకండి. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా రాసి పెట్టింది. రోజుకు యాభై వ్యాసాలు దించితే చాలు అనే యజమాని దగ్గర మీరు నేర్చుకునేది ఏమీ ఉండదు. డిపాజిట్ కడితే ఇంటి దగ్గరే టైపింగ్ ఉద్యోగం అంటే అది మోసమే.

ఉద్యోగ ప్రకటన కోసం వెతికి, పది వ్యాపార ప్రకటనలు దాటుకుంటూ కిందికి వెళ్లి, చివరకు గడువు నిన్ననే ముగిసిందని తెలుసుకుని మీరు ఎన్నిసార్లు బాధపడి ఉంటారో గుర్తు చేసుకోండి. దరఖాస్తు గడువు మొదటి వరసలోనే రాసిన పేజీ దొరికిన రోజు కలిగిన ఊరటను కూడా గుర్తు చేసుకోండి. మీరు రాసే ప్రతి పేజీ అవతల అలాంటి మనిషే ఉంటారు. వారి సమయాన్ని మీ సొంత సమయంలా చూసుకోండి. రేపు పొద్దున గూడూరు మార్కెట్‌కు వెళ్లి మొదటి ప్రశ్న రాసుకు రండి.