గురుముఖమున నిలిచిన గానము

తిరుమల ఆలయములోని సంకీర్తన భాండాగారమున తాళ్లపాక కవుల రాగిరేకులు శతాబ్దములపాటు భద్రముగా నుండిన సంగతి భక్తులెరిగినదే. అన్నమాచార్యులు (1408–1503) స్వామికి సమర్పించిన సంకీర్తనలు 32,000 అని ప్రతీతి; నేడు లభించుచున్నవి అందు సగమునకు తక్కువ. రేకులపై సాహిత్యముతోపాటు రాగముల పేర్లును చెక్కబడియున్నవి. స్వరము మాత్రము లేదు. మాట లోహముపై నిలిచినది. పాట కంఠమునుండి కంఠమునకు సాగవలసినది గనుక, నేర్పువారును నేర్చువారును కరవైన కాలమున అణగిపోయినది. ఆనాటి బాణీలు ఎట్టివో ఇప్పుడు చెప్పగలవారు లేరు.

సంగీతోపాధ్యాయుని పని ఎంతటిదో ఈ లోటే తెలుపుచున్నది. ఆ పనిని జీవనోపాధిగా గాక ప్రేమతో చేసినవారిలో డాక్టర్ శ్రీపాద పినాకపాణిగారు (1913–2013) ముఖ్యులు. శ్రీకాకుళము జిల్లా ప్రియాగ్రహారమున జన్మించిన వీరు వృత్తిచే వైద్యులు. విశాఖపట్టణమునను కర్నూలునను వైద్య కళాశాలలలో పనిచేసిరి. పగలు రోగులు, వైద్య విద్యార్థులు. తీరిక దొరికినంతలో సంగీతము. ద్వారం వెంకటస్వామినాయుడుగారి సన్నిధిని, మదరాసులో రంగరామానుజ అయ్యంగారి వద్దను నేర్చి, తంజావూరు విద్వాంసుల గానమును చెవియొగ్గి విని, ఆ సంపదను తెలుగునాటికి తెచ్చిరి. తెచ్చినదానిని తమ కచేరీలకే దాచుకొనలేదు. ఇంటికి వచ్చిన శిష్యులకు ప్రతిఫలము కోరక ధారపోసిరి. వైద్యవృత్తి కడుపు నింపుచుండుటచే విద్యను అమ్ముకొనవలసిన అగత్యము వారికి కలుగలేదనవచ్చును. నిజమే, అట్టి అగత్యము లేనివారందరును ఇట్లు పంచిపెట్టుచున్నారా?

నేర్పుటలోని కష్టము పాటను అప్పగించుటలో లేదు. తోడిరాగములోని గాంధారమును తీసికొందము. కాగితముపై అది ఒక్క అక్షరము. పాడునపుడు ఆ స్వరము రిషభ మధ్యమముల నడుమ ఊగుచుండును; నిలుపుగా పాడినచో తోడి కాకుండ పోవును. ఊపు ఎచట మొదలై ఎచట ఆగవలయునో గురువు పాడి వినిపించవలయును, శిష్యుడు పాడగా విని దిద్దవలయును, మరల పాడవలయును. ఒక్కొక్క సంగతికి దినములే పట్టవచ్చును. విసుగు గలవారికి ఈ పని పొసగదు.

పినాకపాణిగారు అంతటితో తృప్తిపడలేదు. గురువు పోయిన పిదప పాఠము పోరాదను తలంపుతో కృతులను గమకముల నడుమ దొరలు అనుస్వరములతో సహా వ్రాయబూనిరి. వెయ్యికి పైబడిన రచనలతో కూడిన ఆ స్వరలిపియే ‘సంగీత సౌరభము’. తిరుమల తిరుపతి దేవస్థానమువారు దానిని నాలుగు సంపుటములుగా ప్రకటించిరి. రాగిరేకులకు లేకపోయిన స్వరము ఈ గ్రంథమునకు కలదు. అయినను పుస్తకము చదివి పాడుటకు ముందు ఒక గురువు వద్ద చెవి తయారు కావలసినదే.

ఓలేటి వేంకటేశ్వర్లు, నూకల చినసత్యనారాయణ మున్నగువారు వీరి శిష్యులు. విజయనగర సంగీత కళాశాలలో చదువు ముగించిన నేదునూరి కృష్ణమూర్తిగారు (1927–2014) 1949లో వీరిని ఆశ్రయించిరి. కళాశాల చదువు ముగిసినను నేర్వవలసినది మిగిలియున్నదని గ్రహించుట ఆ శిష్యుని గొప్పతనము. తరువాతి కాలమున తిరుమల తిరుపతి దేవస్థానమునకు ఆస్థాన విద్వాంసులై, మూగవోయియున్న అన్నమాచార్య సంకీర్తనలకు నూరింటికి పైగా బాణీలు కట్టినది ఆ నేదునూరివారే. మల్లాది సోదరులు పినాకపాణిగారి వద్దను, ఆయన శిష్యులైన ఓలేటి, నేదునూరివారల వద్దను నేర్చిరి.

నేదునూరివారు రేవతిరాగమున కూర్చిన ‘నానాటి బ్రదుకు’ను ఇండ్లలో గృహిణులును, భజన గోష్ఠులలో భక్తులును పాడుకొనుచున్నారు. ఆ బాణీ అన్నమాచార్యులదేయని తలంచువారును కలరు. కట్టినవారి పేరు ఎరిగినవారు కొందరే. ఆయనకు నేర్పిన కర్నూలు వైద్యుని పేరు ఎరిగినవారు ఇంకను కొందరు.