గురియందలి గణితము

2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదు వాసి శ్రీ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకము గెలుచుకొనిరి. ఆ పోటీలో పది మార్కుల చుక్క వ్యాసము 0.5 మిల్లీమీటరు మాత్రమే! అచ్చట గుండు తగులుటకు చేతి నిలకడతోపాటు సరూప త్రిభుజముల లెక్కయు కావలెను.

తుపాకి వెనుక సైటుకు, ముందు సైటుకు మధ్య దూరము 80 సెంటీమీటర్లనుకొందము. లక్ష్యదూరము 1000 సెంటీమీటర్లు. గుండ్లు 5 మిల్లీమీటర్లు ఎడమకు పడుచున్నచో, వెనుక సైటును 5 × 80 ÷ 1000, అనగా 0.4 మిల్లీమీటరు కుడికి జరుపవలెను. గుండు ఎటు పోవలెనో వెనుక సైటును అటే జరుపవలెను. ముందు సైటునైతే వ్యతిరేక దిశకు.

ఒక్క గుండును చూచి సైటు త్రిప్పరాదు. గుండ్లన్నియు కేంద్రమునకు దూరముగా ఒకేచోట గుమిగూడినచో సైటును దిద్దవలెను. చెల్లాచెదరైనచో తొలుత చేతి నిలకడను దిద్దుకొనవలెను. దోషమెచ్చటిదో తెలిసిన పిమ్మటనే దిద్దుబాటు ఫలించును.