ఆయిల్ ఫిల్టరు మార్చునపుడు నూనె నేలపాలు కాకుండ కాపాడు విధము



పటాన్‌చెరువునుండి సంగారెడ్డి మీదుగా జహీరాబాదునకు పోవు రాజమార్గమున లారీలును, ట్రాక్టరులును, కార్మికులను కొనిపోవు బస్సులును ఎడతెగక తిరుగుచుండును. ఈ బండ్లన్నిటికిని యంత్రపు నూనె ప్రాణమువంటిది. ఆ నూనె కొంత కాలమునకు పాతబడును. అప్పుడు దానిని, దానిని వడగట్టు ఫిల్టరును మార్చవలెను. మార్గమునకు ఇరుప్రక్కల నున్న చిన్న పనిశాలలయందు ఈ పని నిత్యము జరుగుచున్నది. చదువు ముగిసిన పిమ్మట యంత్రవిద్య నేర్వదలచినవారు మీలో పలువురుందురు. వారికి ఇది ఉపయోగపడు పాఠము. ఇందలి ముఖ్యవిషయము ఒక్కటియే: ఒలికిన నూనెను తుడుచుట కన్న, మరను విప్పకముందే నూనెకు చోటు సిద్ధపఱచుట మేలు.

1. కొంచెము నూనె వలన కీడేమి?

"నాలుగు చుక్కలు పడినంతమాత్రమున ఏమగును?" అని కొందఱు అడుగుదురు. దీనికి ప్రకృతిశాస్త్రమే ప్రత్యుత్తరము చెప్పుచున్నది. అమెరికా దేశీయుడగు బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండను నగరమునకు సమీపమున క్లాపం అనుచోట ఒక కుంటలో చిన్న చెంచాడు నూనె పోసి చూచెను. అది వ్యాపించి సుమారు అర ఎకరము మేర అలలను అణచివేసెను. ఈ సంగతిని ఆయన 1774లో ప్రకటించెను. మన బండినూనె అంత పలుచగా పఱచుకొనదు. అయినను, మిల్లీమీటరులో వేయవ వంతు మందమున పఱచుకొన్నచో 1 లీటరు నూనె 1,000 చదరపు మీటరుల నీటిని కప్పును. ఆ పొర క్రింది నీటికి గాలి చక్కగా సోకదు. అందలి చేపలకును పురుగులకును ఊపిరి కఱవగును.

ఇప్పుడొక లెక్క కట్టుడు. ఒక పనిశాలలో దినమునకు 10 బండ్లకు ఫిల్టరులు మార్చిరనుకొనుడు. బండికి 100 మిల్లీలీటరులు, అనగా ఒక టీ గ్లాసెడు, ఒలికినను దినమునకు 1 లీటరగును. ఏటికి 300 పనిదినములైనచో 300 లీటరులు, అనగా సుమారు ఒకటిన్నర పీపా నూనె నేలపాలగును. వానకాలమున అది మోరీలోనికి, మోరీనుండి వాగులోనికి పోవును. పటాన్‌చెరువు ప్రాంతపు నీరు నక్కవాగులోనికి పాఱును. నక్కవాగు మంజీరానదిలో కలియును. మంజీర నిజాంసాగరమును నింపి, కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. కావున మనము నేలపై విడిచినది మన వాకిటనే నిలిచియుండదు.

నీరు చెడిన పిమ్మట బాగుచేయుట ఎంత కష్టమో ఈ ప్రాంతమువారికి తెలియనిది కాదు. కర్మాగారముల వ్యర్థజలముల వలన ఇచ్చటి వాగులు చెడినవని 1990లో సర్వోన్నత న్యాయస్థానమున వ్యాజ్యము దాఖలయ్యెను. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము పనిచేయ మొదలిడెను. అటుపిమ్మటను, 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ కేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నట్లు ప్రకటించిరి. ఆ చెఱుపు బండినూనె వలన వచ్చినది కాదు. కాని రెంటికిని పాఠము ఒక్కటియే: నీటిలో కలిసినదానిని మరల వేఱుచేయుట కన్న, కలియకుండ ఆపుట మిక్కిలి సులభము.

2. ఫిల్టరు నిర్మాణము

ఇంజనులోని లోహభాగములు ఒకదానితో నొకటి రాచుకొనకుండ నూనె వాని నడుమ పొరవలె నిలుచును. అట్లు తిరుగుచు అది మసిని, లోహపు రజమును తనలో చేర్చుకొనును. ఈ మాలిన్యమును పట్టుటకు అమెరికాలో స్వీట్‌లాండు, గ్రీన్‌హాల్ అను నిరువురు 1923లో మోటారు బండ్లకు ఫిల్టరును కల్పించిరి. దానికి ప్యూరొలేటర్ అని పేరు. నేడు తఱచుగ కనబడు ఫిల్టరు మరతో బిగించు రేకుడబ్బా. దాని మూతిచుట్టు నున్న చిన్న రంధ్రములగుండ నూనె లోపలికి పోయి, మడతలు పెట్టిన కాగితములోనుండి వడియగట్టబడి, నడుమనున్న పెద్ద రంధ్రమున వెలుపలికి వచ్చును.

పెక్కు ఫిల్టరులలో ఆ చిన్న రంధ్రముల వెనుక రబ్బరు రేకొకటి యుండును. ఇంజను ఆగినపుడు నూనె వెనుకకు జాఱిపోకుండ అది అడ్డగించును. అందుచేత మరల ఇంజను నడిపినప్పుడు భాగములన్నిటికి నూనె శీఘ్రముగ అందును. ఫిల్టరు విప్పునాటికి నిండియుండుటకు కారణమును ఇదియే. కారు ఫిల్టరులో గ్లాసెడు, లారీ ఫిల్టరులో అంతకు ఎంతో హెచ్చుగ నూనె నిలిచియుండును. చాంబరునుండి నూనె అంతయు దించివేసితిమి గదా అని నిర్భయముగ ఫిల్టరు విప్పువాడు ఈ సంగతి మఱచినవాడే.

3. ఒలుకుటకు కారణములు

ఫిల్టరు మూతి పైకి ఉండునట్లు వ్రేలాడుచున్నచో అది చెంబువంటిది. నిటారుగ దించిన యెడల ఒలుకుట తక్కువ. ప్రక్కకు పండుకొనియున్నచో, మర సడలగనే నూనె క్రింది అంచునుండి కాఱును. మూతి క్రిందికి ఉండి బోర్లించియున్నచో ఇంజను మీదికే జాఱును.

మఱియొక కారణము కలదు. చెంబునుండి పాలు మెల్లగా వంపినపుడు ధార నేరుగా పడక చెంబు వెలుపలి అంచు వెంబడి జాఱుట మీరు చూచియున్నారు గదా! నూనెయు అట్లే డబ్బా ఒంటిని, ఇనుప దూలమును అంటుకొని ప్రాకి, పళ్లెము లేని చోట చుక్కలుగా రాలును. కావున దానికి త్రోవ చూపవలెను.

4. పని చేయు క్రమము

మొదటిది: బండిని చదునైన నేలపై నిలిపి, చక్రములకు అడ్డులు పెట్టవలెను. బండిని ఎత్తినచో గట్టి స్టాండులపై నిలుపవలెను. ఒక్క జాకీని నమ్మి బండి క్రింద దూరరాదు.

రెండవది: ఇంజనును కొన్ని నిమిషములు నడిపి ఆపవలెను. వెచ్చని నూనె పలుచనై చక్కగా దిగును. చేయి కాలునంత వేడిగ నుండరాదు. ఇంజను ఆపిన పిమ్మట పది నిమిషములు ఆగినచో పైభాగముల నూనె చాంబరులోనికి దిగును.

మూడవది: పాత్ర సిద్ధపఱచవలెను. చిన్న కారులో తఱచుగ 3 మొదలు 5 లీటరుల నూనె యుండును. లారీలో దానికి కొన్ని రెట్లు. అంతకు మించి పట్టు వెడల్పైన పళ్లెమును, దాని క్రింద ఒక గోనెపట్టాను పఱచవలెను. పళ్లెము ఎంత దిగువనున్న ధార అంత చెదరును. కావున దానిని ఇటుకలపై పెట్టి దగ్గఱకు తేవలెను.

నాల్గవది: డ్రెయిన్ బోల్టు విప్పి నూనె దించవలెను. ధార మొదట దూరముగను, పిదప దగ్గఱగను పడును. దానిని బట్టి పళ్లెమును జరుపవలెను. నూనె ఆగిన పిమ్మట క్రొత్త వాషరుతో బోల్టు బిగించవలెను.

అయిదవది: ఫిల్టరు క్రింద త్రోవ అమర్చవలెను. ఇంటిచూరునకు కట్టు రేకుతూమువలె ఒక రేకును వంచియో, ప్లాస్టిక్ సీసాను నిలువున కోసియో ఫిల్టరు మూతి క్రిందినుండి పళ్లెము వఱకు చేర్చవలెను. బోర్లించిన ఫిల్టరైనచో దాని మొదట చుట్టును పాతగుడ్డ చుట్టవలెను.

ఆఱవది: ఇదియే అన్నిటికన్న ముఖ్యము. ఫిల్టరును నూనె కాఱ మొదలిడువఱకు మాత్రమే సడలించి, అచ్చట ఆగవలెను. మర ఇంకను పట్టియుండును గనుక, ధార త్రోవ తప్పినచో మరల బిగించి సరిచేసికొనవచ్చును. ధార చుక్కలగువఱకు ఓర్పుతో ఉండి, పిమ్మట దళసరి ప్లాస్టిక్ సంచిని ఫిల్టరునకు తొడిగి, సంచితోనే పూర్తిగ విప్పి దించవలెను.

అనుభవము కలవారు కొందఱు విప్పకముందే డబ్బాకు అడుగున మేకుతో రంధ్రము చేయుదురు. ఒక్క రంధ్రమే చేసినచో నూనె సరిగా దిగదు. ఏలయన లోపలికి గాలి పోవుటకు దారి లేదు. నూనె డబ్బాకు రెండు ప్రక్కల పొడిచినగాని ధార రాకుండుట మీ యింటనే చూడవచ్చును. అందుచేత పైభాగమునను మఱియొక రంధ్రము చేయుదురు. అయితే క్రొత్త ఫిల్టరు చేత నున్నప్పుడే ఇట్లు చేయవలెను. ఒకసారి పొడిచిన డబ్బాతో బండి నడువదు.

ఏడవది: పాత రబ్బరు వాషరు ఇంజనునకు అంటుకొని యున్నదేమో తప్పక చూడవలెను. దానిపైననే క్రొత్తదానిని బిగించినచో, ఇంజను నడుపగనే నూనె చిమ్మును. పీఠమును తుడిచి, క్రొత్త రబ్బరునకు కొంచెము క్రొత్తనూనె పూసి, అది పీఠమును తాకువఱకు చేతితో త్రిప్పి, తరువాత డబ్బాపై వ్రాసినంత మాత్రమే బిగించవలెను. అది తఱచుగ ముప్పాతిక చుట్టు. అతిగా బిగించిన ఫిల్టరు మఱుసటిసారి విప్పుటకు రాక నలిగి ఒలుకును.

ఎనిమిదవది: గరాటుతో నూనె పోసి, ఇంజనును కొంచెముసేపు నడిపి, ఎచ్చటనైన కాఱుచున్నదేమో చూచి, ఆపిన పిదప కొలతపుల్లతో మట్టము పరీక్షింపవలెను.

5. ఒలికినచో ఏమి చేయవలెను?

నీళ్లతోగాని కిరసనాయిలుతోగాని కడుగరాదు. కడుగుట యనగా మోరీలోనికి పంపుటయే. వెంటనే రంపపు పొట్టునో, వరి ఊకనో, ఇసుకనో చల్లి, పీల్చిన పిమ్మట ఊడ్చి, మూతగల డబ్బాలో వేయవలెను. నూనెగుడ్డలను నిప్పునకు దూరముగ నుంచవలెను. వాడిన నూనెయందు చర్మమునకు హానిచేయు పదార్థములుండును గనుక తొడుగులు వేసికొని, పని ముగిసిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

6. పాత నూనె గతి

పాత ఫిల్టరును, అడుగున పొడిచి, పళ్లెముపై కనీసము 12 గంటలు వార్చినచో మిగిలిన నూనెయు దిగును. ఈ నూనెను నీరు, పెట్రోలు, రంగు మొదలగునవి కలుపక మూతగల క్యానులో దాచవలెను. చెదలు పట్టకుండ దూలములకు పూయుటయు, పొయ్యిలో మండించుటయు మంచిది కాదు. నూనె అరిగిపోవునది కాదు, మలినమగునది. కర్మాగారమున శుద్ధిచేసినచో మరల నూనెయే యగును. అపాయకర వ్యర్థముల విషయమై 2016లో వెలువడిన నియమములు, వాడిన నూనెను అనుమతి పొందిన శుద్ధికర్తలకు చేర్చవలెనని విధించుచున్నవి. 2023లో చేసిన సవరణ ననుసరించి, నూనె తయారుచేయువారికిని దానిని తిరిగి శుద్ధిచేయించు బాధ్యత 2024 ఏప్రిలు 1వ తేదీనుండి కలిగినది.

బాలలారా! పనివాని నేర్పు అతడు బిగించిన మరయందే గాక, అతడు విడిచివెళ్లిన నేలయందును కనబడును. పళ్లెము జరుపుటకు ఒక్క నిమిషము, ధార ఆగువఱకు ఓర్చుటకు అయిదు నిమిషములు చాలును. ఆ ఓర్పు లేనిచో వాగు దిగువనున్న రైతు తన పొలమున దాని ఫలము ననుభవించును. అతనిని మనము ఎన్నడును చూడకపోవచ్చును; అయినను అతని నీరు మన చేతిలో నున్నది.

అభ్యాసము

1. చాంబరులోని నూనె దించిన పిమ్మటను ఫిల్టరు నిండియుండుటకు కారణమేమి?
2. డబ్బాకు రెండు రంధ్రములు చేయుట ఏల?
3. ఒక పనిశాలలో దినమునకు 6 బండ్లకు, బండికి 50 మిల్లీలీటరుల చొప్పున నూనె ఒలికినచో 300 దినములలో ఎంత నష్టమగును?
4. మీ ఊరి మోరీ ఏ వాగులో కలియునో, ఆ వాగు ఏ నదిని చేరునో విచారించి పటము గీయుడు.