ఎదురుమాట మొదలైన వారం

అనకాపల్లి



మనవరాలా, కౌన్సెలింగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నావు కనుక తాతయ్య రాస్తున్న ఉత్తరం ఇది. మన బెల్లం మార్కెట్లో కలాసీ పని చేసే తండ్రికైనా, బ్యాంకులో ఉద్యోగం చేసే తల్లికైనా పిల్లకి థెరపీ అనగానే పుట్టే భయం ఒకటే: ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందని, ఎవరో బయటి మనిషి పిల్లని తమ మీదికి ఉసిగొల్పుతారని.

ఆ భయాన్ని కొట్టిపారేయకు తల్లీ. మొదట్లో అలాగే కనిపిస్తుంది మరి. అన్నాళ్లూ నోరు మెదపని పిల్ల, కోపాన్ని మాటల్లో పెట్టడం నేర్చుకుని ముందు ఇంట్లోనే వాడి చూస్తుంది. "పక్కింటి వాళ్లతో పోల్చకు నాన్నా, ఏడుపొస్తోంది" అంటుంది. తండ్రికది పొగరు. కౌన్సెలర్‌కి పని మొదలైన గుర్తు. ఇక చాలు, మాన్పించేద్దామని పెద్దవాళ్లకి అనిపించేదీ ఆ వారమే.

అమెరికాలో గై డైమండ్ బృందం తీర్చిదిద్దిన కుటుంబ థెరపీలో మొదట అందరితో కలిసి మాట్లాడి, తర్వాత పిల్లలతో విడిగా, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడి, ఆపై మళ్లీ అందరినీ ఒకచోట కూర్చోబెడతారు. పిల్లల్ని అడిగేది: అంత కష్టంలో అమ్మానాన్నల దగ్గరికి ఎందుకు వెళ్లలేకపోయావు? పెద్దవాళ్లని అడిగేది: చిన్నప్పుడు మీరు బాధపడితే ఎవరు దగ్గరికి తీసుకున్నారు? 12 నుంచి 17 ఏళ్ల 66 మందితో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆత్మహత్య ఆలోచనలు మామూలు చికిత్స కన్నా దీనితో ఎక్కువగా తగ్గాయి.

ఆ గదిలో నాన్న తన అప్పు గురించి, తన భయం గురించి మొదటిసారి చెప్పాడనుకో. పోల్చిన బాధ చెరిగిపోదు. కానీ తిట్టే గొంతు వెనక ఒక మనిషి ఉన్నాడని పిల్లకి తెలుస్తుంది. కొట్టే ఇల్లయితే వేరే సంగతి. అక్కడ రాజీ కుదర్చడం థెరపీ పని కాదు, ముందు పిల్ల క్షేమం చూడాలి.

పెద్దవాళ్లతోనూ పని చేయాలన్న మాట కోర్టు దాకా వెళ్లింది. 2023 జూలైలో విశాఖలో నీట్‌కి చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి వేసిన కేసులోనే 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థా కౌన్సెలర్‌ని పెట్టాలన్నది అందరికీ గుర్తుంది. తల్లిదండ్రులకి కూడా క్రమం తప్పకుండా అవగాహన కార్యక్రమాలు జరపాలన్న మాట మాత్రం ఎవరికీ పట్టినట్టు లేదు. అసలు పని అక్కడే ఉంది.

నీ దగ్గరికి రావడానికి మొహమాటపడే పెద్దలకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసివ్వు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అది పిల్లల కోసమే అనుకుంటారు, అమ్మానాన్నలూ చెయ్యొచ్చు.